పులస బతకదు, కొర్రమీను చావదు: ఎందుకు?

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే యానాంలో పులస అమ్మకానికి వస్తుంది. వేలకి వేలు పోసి కొనేవాళ్ళున్నారు గానీ, ప్రాణంతో ఉన్న పులసని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు లేరు. వలలోంచి పడవలోకి వచ్చిన కాసేపటికే దాని పని అయిపోతుంది. కొర్రమీను అలా కాదు. బేసిన్‌లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి వదిలితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. "బతికున్న కొర్రమీనండీ" అని పిలిచి మరీ అమ్ముతారు. రెండూ చేపలే, రెండింటికీ మొప్పలున్నాయి. మరి ఒకటి అంత తొందరగా పోవడమేమిటి, రెండోది అంతసేపు నిలవడమేమిటి?

యానాంలోని ఫరంపేటలో ఉండేవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలు రావడం సహజం. యానాం మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. గౌతమి గోదావరి, రొయ్యల చెరువులు, వరిచేలు, కోరంగి మడ అడవి, అన్నీ కూతవేటు నుంచి గంట ప్రయాణం లోపే. గాలి, నీరు, బురద ఇంత దగ్గరగా కలిసే చోట ఒక్కో జీవి ఒక్కో విధంగా ఊపిరి తీసుకుంటుంది. చేప సంగతికి వచ్చేముందు ఒక చిన్న ప్రశ్న తేల్చుకోవాలి.

అసలు ఆక్సిజన్ దేనికి?

తిన్నదాన్ని కాల్చుకోవడానికి. ఇది అలంకారానికి అన్న మాట కాదు. ఫ్రెంచివాళ్ళు యానాంలో మొదటిసారి కాలుమోపింది 1723లో. ఆ తర్వాత అరవై ఏళ్ళకి, 1782–83 చలికాలంలో, పారిస్‌లో లావోయిజే, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గినీపిగ్‌ని చుట్టూ మంచు కూరిన పాత్రలో కూర్చోబెట్టారు. దాని ఒంటివేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో కొలిచారు. బొగ్గు కాల్చి అంతే వాయువు పుట్టించినప్పుడు ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ఊపిరి అంటే నెమ్మదిగా సాగే దహనమే అని వాళ్ళు తేల్చారు. 

ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఒక్క గ్లూకోజ్ అణువుని ఆక్సిజన్ లేకుండా విరగ్గొడితే కణానికి మిగిలేది 2 ఏటీపీలు. ఆక్సిజన్‌తో మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిస్తే సుమారు 30. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర అనుకోండి. 2 ఏటీపీలతో కొన్ని సూక్ష్మజీవులు కాలక్షేపం చేస్తాయి గానీ, ఏటికి ఎదురీదే పులసకి అవి ఏ మూలకీ చాలవు.

ఆక్సిజన్ కణం దాకా చేరడంలోనే ఉంది చిక్కంతా. ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి అది దానంతటదే పాకుతుంది. గాలిలో అయితే వేగంగానే. నీళ్ళలో దాదాపు పదివేల రెట్లు నెమ్మది. ఏ ప్రాణి ఒళ్ళయినా చాలావరకు నీళ్ళే కాబట్టి, పాకుడు మీద ఆధారపడితే ఒక మిల్లీమీటరు లోతు దాటి ఆక్సిజన్ అందదు. 1920లో నోబెల్ బహుమతి పొందిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ కట్టిన లెక్క ఇది. అమీబాకి ఊపిరితిత్తులు అక్కర్లేకపోవడానికీ, వానపాము తడిచర్మంతోనే నెట్టుకురావడానికీ, మనిషంత ఒళ్ళున్నవాటికి ఆ పప్పులు ఉడక్కపోవడానికీ కారణం అదే. పెద్ద ఒళ్ళున్న ప్రాణికి మూడు కావాలి: పల్చటి, తడిగా ఉండే, విశాలమైన పొర, దాని బయటివైపు ఎప్పటికప్పుడు మారే గాలి లేదా నీరు, లోపలివైపు ఆగకుండా పారే నెత్తురు. ఎక్కడ చూసినా ఏర్పాటు ఇదే. బొద్దింకలాంటి కీటకాలు మాత్రం అడ్డదారి తొక్కాయి. వాటి ఒంటి పక్కల వెంబడి ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి గాలి గొట్టాలు సరాసరి కణాల దాకా వెళ్ళిపోతాయి. ఊపిరి పనిలో నెత్తురుకి దాదాపు ప్రమేయం లేదు.

నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ ఎంత?

చాలా తక్కువ. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీళ్ళలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాములు. అదే లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములుంటుంది. అంటే 36 రెట్లు. సముద్రపు నీళ్ళయితే ఇంకా కనాకష్టం, అదే వేడి దగ్గర 6 మిల్లీగ్రాములకి కాస్త పైన. వేడి పెరిగేకొద్దీ ఇదీ తగ్గుతుంది.

ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి, బరువులో 350 మిల్లీగ్రాములకి పైమాటే. మనకి మొప్పలే ఉండి, నీళ్ళలోంచే దాన్ని లాక్కోవాలంటే, చేపంత నేర్పు ఉన్నా సరే నిమిషానికి 60 లీటర్ల నీళ్ళు నోట్లోంచి నెట్టాలి. 15 లీటర్ల బిందెలు నాలుగు, నిమిషం నిమిషానికీ. గాలి అయితే ఏడెనిమిది లీటర్లతో సరిపోతుంది, బరువు పది గ్రాములుండదు. నీటిలో ఊపిరి తీయడం ఎంత కూలిపనో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి చేప ఎలా నెగ్గుకొస్తోంది?

ఈసారి చేపలు కొనేటప్పుడు తాజాదో కాదో చూడటానికి మొప్ప మూత ఎత్తుతారు కదా, రంగు చూసి వదిలేయకుండా ఇంకాస్త లోపలికి చూడండి. ఒక్కో పక్క నాలుగు వంపు తిరిగిన కమ్మీలుంటాయి. ఒక్కో కమ్మీకీ రెండు వరసల్లో ఎర్రటి పోగులు వేలాడుతుంటాయి. కంటికి ఆనేది అక్కడిదాకానే. ఒక్కో పోగుకీ రెండు వైపులా కాగితం కన్నా పల్చటి రేకులు బారులు తీరి ఉంటాయి, భూతద్దం ఉంటేనే కనబడతాయి. నెత్తురు ఆ రేకుల్లోంచి పారుతుంది. ఎర్రదనం అదే. బేరానికి తాజా చేప అని మనం గుర్తుపట్టే రంగు, ఊపిరి తీసే నెత్తురు రంగన్నమాట.

నేర్పంతా పారే దిక్కులో ఉంది. నోట్లోంచి వచ్చిన నీరు రేకుల మీదుగా ఒక దిక్కుకి పోతుంది, రేకులోని నెత్తురు సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి వస్తుంది. ఒకే దిక్కుకి పారితే ఏమయ్యేది? నీటిలో, నెత్తుట్లో ఆక్సిజన్ సగంసగం అయ్యాక ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయేది. ఎదురెదురుగా పారడంవల్ల, ఇంచుమించు నిండుకున్న నెత్తురుకి కూడా అంతకన్నా నిండుగా ఉన్న కొత్త నీరు తగులుతుంది. అటు చివర, చాలావరకు ఖాళీ అయిన నీటికి అంతకన్నా ఖాళీగా ఉన్న నెత్తురు తగులుతుంది. పొడవునా ఎక్కడా సమానం కాదు, పాకుడు ఆగదు. అందుకే మంచి మొప్ప నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా పిండుకోగలదు. మన ఊపిరితిత్తులు గాలిలోంచి తీసుకునేది పాతిక శాతం మాత్రమే, 21 శాతంగా లోపలికెళ్ళిన ఆక్సిజన్ 16 శాతంగా బయటికొస్తుంది. సమృద్ధిగా ఉన్నచోట పొదుపు ఎవరికి పడుతుంది!

ఇక పులస దగ్గరికి వద్దాం. బయట గాలిలో 36 రెట్లు ఆక్సిజన్ ఉండగా అది ఊపిరాడక చావడం వింతగా ఉంటుంది. నీళ్ళలో విచ్చుకుని తేలే జుట్టు, తల పైకెత్తగానే ఒక ముద్దగా అంటుకుపోతుంది కదా, మొప్పరేకులకీ అదే గతి. నీరు మోసినంతసేపూ విడివిడిగా నిలిచినవి గాలిలోకి రాగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేల రేకుల వైశాల్యం కాస్తా చిన్న తడిముద్ద పైభాగమంత మిగులుతుంది. ఆ తడీ ఆరిపోతే అంతే సంగతులు. పైగా పులస సముద్రం నుంచి వచ్చి వరద నీటికి ఎదురీదే చేప. దాని ఖర్చు ఎక్కువ, నిలవ తక్కువ. వలలో కొట్టుకున్న కొట్టుకోవడానికే ఉన్నదంతా అయిపోతుంది.

కొర్రమీనుకి మొప్పలపైన, తలలో, ఒక ఖాళీ గది ఉంటుంది. ఆ గది గోడల నిండా సన్నటి నెత్తుటి నాళాలే. నీటి పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ గదిలో పెట్టుకుంటుంది, కాసేపాగి మళ్ళీ వస్తుంది. చెరువు గట్టున కూర్చున్నవాళ్ళకి ఆ బుడుంగుమనే చప్పుడు తెలుసు. ఎండాకాలం మురిగిపోయి ఆక్సిజన్ లేని గుంటల్లో బతకడానికి వచ్చిన ఏర్పాటు ఇది. కానీ దీనికీ ఒక వెల ఉంది. ఎదిగిన కొర్రమీనుకి మొప్పలొక్కటే చాలవు. పైకి రానీయకుండా నీటి అడుగున వలలో పట్టి ఉంచితే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్ళలో మునిగి చావడమంటే నవ్వొస్తుంది గానీ నిజం. ఒంట్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని మాత్రం ఇది ఎక్కువగా మొప్పలు, చర్మం గుండా నీళ్ళలోకే వదులుతుంది. అందుకే అమ్మేవాళ్ళు బేసిన్‌లో ఆ నాలుగు వేళ్ళ నీళ్ళైనా ఉంచుతారు.

మృగశిర కార్తెకి హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికిచ్చే చేపప్రసాదంలో మింగించేదీ కొర్రమీను పిల్లనే. ఆ ప్రసాదం ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రపరీక్షల్లో రుజువు కాలేదు. ఇన్‌హేలర్ వాడేవాళ్ళు దాన్ని నమ్ముకుని మందు మానకూడదు.

పీత నోట్లో నురగ ఎందుకు?

కాళ్ళు కట్టేసిన మండపీతలు తడిగోనె మీద రోజంతా బతికే ఉంటాయి. పీత మొప్పలు పెంకు కింద గదిలో ఉంటాయి, కాస్త గట్టిగా కూడా ఉంటాయి కాబట్టి పులస మొప్పల్లా ముద్దకట్టవు. గదిలో మిగిలిన కాసిని నీళ్ళనే పీత తిప్పుకుంటూ ఉంటుంది. ఆ నీళ్ళలోకి గాలి కలిసి నోటి దగ్గర బుడగలుగా పొంగుతుంది. గోనె తడిపి కప్పేది ఆ నీళ్ళు ఆరకుండా ఉండటానికే.

పీతకీ రొయ్యకీ నెత్తురు ఎర్రగా ఉండదు. మనకి ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హిమోగ్లోబిన్, వాటికి రాగి ఉన్న హీమోసయనిన్. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు లేత నీలం, వదిలేశాక ఇంచుమించు రంగు లేనిది. పచ్చి పీతని కోసినప్పుడు నీళ్ళలాంటిదే కారుతుంది గానీ నెత్తురు లేదనుకోకూడదు. వండితే ఎర్రబడేది వేరే, అది పెంకులోని రంగు.

చెరువు తెల్లవారుజామునే ఎందుకు తేలుతుంది?

తాళ్ళరేవు, ఐ.పోలవరం వైపు రొయ్యల రైతుని ఎవర్నడిగినా, పడుకోనివ్వని టైము రాత్రి రెండు నుంచి ఆరు అంటారు. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే "డీఓ పడిపోతుంది", అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు గట్లమ్మట, నీటి పైపైన చేరతాయి. నీటి పై పొరకే గాలి తగులుతుంది కాబట్టి ఉన్న కాస్త ఆక్సిజన్ అక్కడే ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ వస్తాయవి.

చెరువు నీరు ఆకుపచ్చగా ఉండేది ప్లాంక్టన్ వల్ల. పగలు ఎండ ఉన్నంతసేపూ ఆ సూక్ష్మమైన మొక్కలు ఆక్సిజన్ చేస్తాయి, మధ్యాహ్నానికి నీళ్ళు మామూలుగా పట్టగలిగిన దానికన్నా ఎక్కువే ఉంటుంది. పొద్దుగూకాక ఆ తయారీ ఆగుతుంది. ఊపిరి మాత్రం ఆగదు. ప్లాంక్టన్, అడుగున మేత కుళ్ళిన బురదలోని సూక్ష్మజీవులు, రొయ్యలు, అన్నీ ఒకే కుండలోంచి తోడుకుంటాయి. రాత్రి ఖర్చులో పెద్ద వాటా ప్లాంక్టన్‌దీ బురదదీ, రొయ్యలది కాదు. అందుకే మేత ఎక్కువ వేసిన చెరువు ముందు తేలుతుంది. ఖర్చు రాత్రంతా సాగి, జమ ఇంకా మొదలుకాని క్షణం సూర్యోదయానికి కాస్త ముందు. లీటరుకి 3 మిల్లీగ్రాములకి తగ్గితే రొయ్య మేత ముట్టదు, ఇంకా పడితే చస్తుంది.

అదే ఊపిరి పీహెచ్ మీటర్లోనూ కనబడుతుంది. రాత్రి పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో ఆమ్లమవుతుంది కాబట్టి పొద్దున్న పీహెచ్ తక్కువ, దాన్ని ప్లాంక్టన్ తినేశాక సాయంత్రం ఎక్కువ. రెండింటికీ తేడా మరీ పెరిగితే ప్లాంక్టన్ మితిమీరిందని అనుభవమున్న రైతు పసిగడతాడు. మబ్బు పట్టిన రోజు పగలు జమ తక్కువ, ఆ రాత్రి గండం. మే నెల ఎండకి నీళ్ళు పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి రొయ్య ఖర్చు పెరుగుతుంది.

ఏరియేటర్ రెక్కలు నీటిని గాల్లోకి చిమ్మేది అందం కోసం కాదు. చినుకులుగా విరిగిన నీటికి గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొప్ప రేకులుగా చీలింది ఎందుకో, ఇదీ అందుకే. ఒక విడ్డూరం కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం, నీళ్ళు ఆక్సిజన్‌తో పొంగిపోతున్నప్పుడు ఏరియేటర్ తిప్పితే కొంత ఆక్సిజన్ గాల్లోకి పోతుంది. అయినా కాసేపు తిప్పడంలో అర్థముంది, పైనున్న మంచి నీరు అడుక్కి దిగుతుంది, రొయ్య ఉండేది అడుగునే కదా.

మనకి ఊపిరాడటం లేదని ఒంటికి ఎలా తెలుస్తుంది?

మన ఊపిరితిత్తుల్లో గాలిగదులు 30 కోట్లకి పైనే, పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ నెత్తురుకీ మధ్య గోడ మిల్లీమీటరులో రెండువేలవ వంతు. 2021 కోవిడ్ వేసవిలో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు చూసేది ఈ గోడ దాటి వచ్చిన ఆక్సిజన్‌నే. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్, పట్టుకోనిది ఎర్రకాంతిని వేర్వేరుగా మింగుతాయి, ఆ తేడానే అంకెగా చూపిస్తుంది.

ఇంత ఏర్పాటున్నా ఆక్సిజన్ తగ్గుతోందన్న సంగతి మనకి సరిగా తెలియదు. ఊపిరి బిగబడితే గుండెల్లో పుట్టే ఆరాటం కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వచ్చేది. గోదాట్లో ఈతకి దిగే కుర్రాళ్ళు ఇది తెలుసుకుని ఉండాలి. ఎక్కువసేపు మునగాలని ముందుగా గబగబా పదిపదిహేనుసార్లు ఊపిరి తీసి వదిలితే, కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. మునిగాక ఆరాటం ఆలస్యంగా మొదలవుతుంది. అది మొదలయ్యేలోపే మెదడుకి ఆక్సిజన్ చాలక నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్ళే ఇలా పోతుంటారు.

రాత్రి చింతచెట్టు కింద పడుకోకూడదా?

చెట్లు రాత్రి ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట నిజమే. పగలూ వదులుతాయి, కాకపోతే పగటి తయారీలో అది కనబడదు. కానీ ఆరుబయట గాలి కదులుతూ ఉంటుంది, ఏదీ పేరుకోదు. తలుపులు బిగించి నలుగురు పడుకున్న గదిలో అంతకన్నా ఎక్కువ పేరుకుంటుంది. దయ్యాల సంగతి నాకు తెలియదు, ఊపిరి విషయంలో చింతచెట్టుకి భయపడక్కర్లేదు.

ఆకుకి ఊపిరాడటం తేలిక, దాని అడుగునున్న పత్రరంధ్రాల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. కష్టం వేరుది. నీళ్ళు నిలిచిన మట్టిలోకి ఆక్సిజన్ కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది, మిగతాదంతా సూక్ష్మజీవులు తినేస్తాయి. అందుకే మిరప, టమాటా మొక్కలు మడిలో నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి చస్తాయి. వరి చావదు. దాని కాండంలో, వేళ్ళలో గాలి గొట్టాలుంటాయి, ఆకులనుంచి ఆక్సిజన్ వాటిలోంచి వేరుకొస దాకా దిగుతుంది. కావాలంటే నీళ్ళున్న మడిలోంచి ఒక దుబ్బు పీకి వేళ్ళు కడిగి చూడండి. చుట్టూ మట్టి నల్లగా ఉన్నా, ముదురు వేళ్ళ మీద ఇటుకరంగు పూత ఉంటుంది. వేరులోంచి కాస్త కారిన ఆక్సిజన్ తగిలి మట్టిలోని ఇనుము తుప్పు పట్టిన రంగది.

వరికి నీటిమట్టం కదలదు. మడ చెట్టుకి రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడి చెక్కబాట మీద నడుస్తూ కిందికి చూస్తే, నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళంత వేళ్ళు వందలకొద్దీ నిటారుగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకదాన్ని దగ్గరగా చూడండి, బెరడు మీద గరుకుగా చిన్నచిన్న బొడిపెలు తగులుతాయి. గాలి పోయే దారులవి. లోపల అంతా స్పాంజిలా బోలు. 1955లో షోలాండర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మడచెట్ల వేళ్ళలోని ఆక్సిజన్‌ని కొలిచారు. పోటు వచ్చి వేళ్ళు మునిగితే ఆక్సిజన్ పడిపోతూ వచ్చింది, ఆటు రాగానే మళ్ళీ పెరిగింది. గాలిరంధ్రాలకి గ్రీజు పూస్తే ఇక పెరగలేదు. మునిగినప్పుడు లోపలి ఆక్సిజన్ ఖర్చవుతుంది, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో తేలిగ్గా కరిగిపోతుంది, దాంతో వేరు లోపల ఒత్తిడి తగ్గుతుంది. నీరు దిగి రంధ్రాలు తెరుచుకోగానే బయటి గాలి లోపలికి లాక్కోబడుతుంది. ఊపిరితిత్తులు లేని చెట్టు సముద్రం చేత ఊపిరి తీయించుకుంటోందన్నమాట.

ఆ వేళ్ళ మధ్య గెంతే గుడ్లకళ్ళ చేప ఇంకో అడుగు ముందుకేసింది. నీటి బయట తడిచర్మంతో, నోటి లోపలి పొరతో ఊపిరి తీస్తుంది. బురదలో దాని బొరియలో ఆక్సిజన్ ఉండదు, గుడ్లు పెట్టేది అక్కడే. పైకొచ్చి నోటినిండా గాలి పుక్కిలించి తీసుకెళ్ళి బొరియ లోపలి గదిలో వదులుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ తీసుకెళ్తుంది. పిల్లలకి గాలి మోసిపెట్టే చేప.

మడచెట్టుకి గండం పోటు వల్ల రాదు, పోటు రాకపోకలు ఆగితే వస్తుంది. గట్టు కట్టి నీళ్ళు నిలవేస్తే పెన్సిల్ వేళ్ళు రోజుల తరబడి మునిగే ఉంటాయి. పూడిక పడి వేళ్ళు కప్పుకుపోయినా, చమురు తెట్టు వాటికి పట్టినా అంతే. పైన ఆకులకి ఎంత గాలి ఉన్నా కింద వేరు చస్తే చెట్టు చస్తుంది. గోదావరి మడ అడవుల్లో నీళ్ళు నిలిచి ఉప్పు పేరుకుని చెట్లు పోయిన చోట్ల అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటునీరు వచ్చి పోయేలా చేశాకే మొక్కలు నాటించాయి. ఆ కాలువలు ఊరికే ఉండవు, వండ్రు చేరి పూడుకుపోతాయి. అప్పుడప్పుడు మళ్ళీ తవ్వాల్సిందే.